మేకు కొట్టకూడని గోడలు

పాత తంతి భవనం, పై హాలు
ప్రారంభానికి పదహారు వారాల ముందు

అన్నయ్యకి,

పని నాకే వచ్చింది. తొమ్మిది మంది పోటీకి వచ్చాం. ఎనిమిది మంది గోడల నిండా కంప్యూటర్ తెరలు పెడతామన్నారు. నేనొక్కదాన్నే చెక్క పెడతానన్నాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చివరికి ఆ పిచ్చిదానికే ఇచ్చారు.

సంగతి ఇది. ఈ భవనంలో ఒకప్పుడు తంతులు పంపే పెద్ద ఆఫీసు ఉండేది. నూట ముప్ఫై ఏళ్ల కట్టడం, ఇప్పుడు ఖాళీ. ఇందులో మూడు నెలల పాటు ఉద్యోగాల మీద ఒక ప్రదర్శన. హైస్కూలు పిల్లలు వచ్చి పన్నెండు వృత్తుల్ని చూడటం కాదు, చేసి తెలుసుకోవాలి. నర్సు దగ్గర రబ్బరు చేతికి నాడి దొరకపుచ్చుకోవాలి. బస్సు డ్రైవరు సీట్లో కూర్చుని, మెట్టు మీద వేలాడుతున్న ప్రయాణికుణ్ణి మూడు అద్దాల్లో వెతికి పట్టుకోవాలి. ప్లంబరు దగ్గర గొట్టాలకి చెవి ఆనించి ఏది కారుతోందో చెప్పాలి. వడ్రంగి దగ్గర విడదీసిన స్టూలు ఉంటుంది. దాన్ని కూర్చి, దాని మీదే కూర్చోవాలి. కూలితే మళ్లీ మొదటికి. ప్రతి వృత్తి దగ్గరా ఒక డబ్బా పెడుతున్నాను. దాని పిడి తిప్పితే కరెంటు పుట్టి, ఆ పని చేసే మనిషి గొంతు వినిపిస్తుంది. స్విచ్చి నొక్కి వదిలేయడం కాదు, వినాలంటే చెయ్యి నొప్పెట్టాలి.

ఇక చిక్కులు. ఈ భవనాన్ని కాపాడే అధికారిణి ఒకావిడ ఉంది. మెడలో గొలుసుకి బదులు భూతద్దం వేలాడుతుంటుంది, అందుకని భూతద్దం మేడం అని పేరు పెట్టాను. ఆవిడ షరతులు నాలుగు ముక్కల్లో చెబుతాను. గోడకి మేకు కొట్టకూడదు, జిగురు అంటించకూడదు, ఏదీ ఆనించకూడదు, నేల మీద రంపంపొట్టు రాలకూడదు. ఐదోది నాది: మూడు నెలలయ్యాక ఒక్క పుల్ల కూడా చెత్తలోకి పోకూడదు.

కూల్చేసిన ఒక బడి బెంచీలు రెండు లారీలు దొరికాయి. నీకు పంపిస్తున్నాను. నాకు వాటితో వస్తువులన్నీ పెట్టడానికి, వృత్తికి రెండేసి చొప్పున ఇరవై నాలుగు చట్రాలు కావాలి. మేకు లేకుండా, జిగురు లేకుండా, వట్టి అతుకులూ చెక్క చీలలూ. ప్రదర్శన అయ్యాక విప్పి కూర్చితే పుస్తకాల అరలు కావాలి. ఏ అర ఏ బడికి వెళ్లాలో ఇప్పుడే రాసిపెట్టాను. వడ్రంగి డబ్బాలో నీ గొంతు కావాలి. ప్రతి చట్రం మీదా చేసినవాళ్ల పేరు ఉంటుంది.

ఫోను చేయొచ్చు కదా అంటావేమో. కొలతలు నోటితో చెప్పకూడదు, కాగితం మీద ఉండాలి అని చెవిలో జోరీగలా నేర్పింది నువ్వే. బొమ్మలు జతచేశాను. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


వర్క్‌షాపు, మధ్యాహ్నం

టేపుకి,

నడక వచ్చిన నాటి నుంచి నా కొలత టేపు ఎత్తుకుపోయి పిల్లి తోకని కూడా కొలిచిన దానివి. నీకు కాక ఎవరికిస్తారు ఈ పని? ఎప్పటిలాగే నేను చెబుతున్నాను, మీ వదిన రాస్తోంది. నా దస్తూరీ సంగతి నీకు తెలిసిందే. (తెలియకపోవడమేం, పెళ్లికి ముందు ఆయన రాసిన ఉత్తరం ఇప్పటికీ సగమే అర్థమైంది. - వదిన)

బెంచీలు దిగాయి. మంచి టేకు. పైన పిల్లలు చెక్కిన రాతలు ఉన్నాయి. వాటిని చిత్రిక పట్టి తీసేయమంటావా, ఉంచమంటావా? (ఉంచమని చెప్పు అమ్మాయ్. లెక్కల మాస్టారి బొమ్మ ఒకటి చాలా బాగుంది.)

చట్రాలకి నువ్వు గీసిన అతుకు పనికిరాదు. బొమ్మలో బాగుంటుంది, నాలుగోసారి విప్పేసరికి వదులైపోతుంది. దానికి బదులు కొస సన్నగా, మొదలు లావుగా చెక్కి, చీల పక్క నుంచి కొట్టేలా చేస్తాం. ఎన్నిసార్లు విప్పినా బిగుస్తుంది. మొదటి చట్రం ఐదు వారాల్లో పంపుతాం. మిగతావాటికి చెక్కలు ఈలోగా కోసి ఉంచుతాం, అతుకులు నువ్వు అది చూశాక.

డబ్బాలో గొంతు మాత్రం ఇంకెవరిదైనా పెట్టుకో. నాకు మాట్లాడటం రాదు. (రాదట! ఈ ఉత్తరానికి గంటన్నర పట్టింది.) చట్రం మీద పేరు కూడా అక్కర్లేదు. పనికి పేరెందుకు?

అన్నయ్య


పాత తంతి భవనం, కిటికీ పక్క బల్ల
ప్రారంభానికి పది వారాల ముందు

అన్నయ్యకి,

చట్రం వచ్చింది. వ్యాను దింపగానే నేనూ, కాపలా ఆయనా విప్పదీసి మళ్లీ కూర్చాం. పన్నెండు నిమిషాలు. సుత్తి దెబ్బలు నాలుగు. ఆ బిగింపు చూసి కాపలా ఆయన టోపీ తీసి పక్కన పెట్టాడు. నీ పని అంతకుముందు చూడని దాన్ని కాదు కానీ, ఇంత నాజూకు ఎప్పుడు వచ్చింది నీకు? ఇదివరకు నీ అతుకులు మొండిగా ఉండేవి, నీలాగే.

లెక్కల మాస్టారు ఎంతో బాగున్నారు. ఆయన్ని ముందు వరసలో పెడుతున్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఈ హాలు పొడుగూ వెడల్పూ ఎత్తూ, కిటికీ చువ్వల మధ్య ఎడం కూడా కొలిచాను. నేల మట్టంగా ఉందో లేదో చూడలేదు. టేపుని కదా, రసమట్టాన్ని కాదు. పూర్వం ఈ హాలుని రోజూ నీళ్లతో కడిగేవారట. అందుకని కిటికీ వైపు నుంచి తలుపు వైపుకి నాలుగు వేళ్లు వాలు పెట్టి కట్టారు. నీ చట్రం నిలబెట్టాం. పట్టుకుని ఊపితే ఊగింది. సరిగ్గా అప్పుడే మేడం వచ్చింది.

ప్రదర్శన నడిపే కమిటీ కూర్చుంది. ఇరవై నాలుగు చట్రాలు గోడని అంటకుండా, పిల్లల మధ్య, వాలు నేల మీద నిలబడతాయని నా మాట మీద నమ్మరట. చట్రం చేసిన మనిషి స్వయంగా వచ్చి, ఈ హాల్లో, వాళ్ల కళ్లెదుట ఒకటి నిలబెట్టి చూపించాలి. అడిగిన దానికి జవాబు చెప్పాలి. తేదీ కూడా వేశారు: ప్రారంభానికి సరిగ్గా ఆరు వారాల ముందు, మంగళవారం పదకొండింటికి. అప్పటికి కాకపోతే ఇనుప చట్రాలు అద్దెకి తెచ్చి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు కట్టేస్తారు. మూడు నెలల తర్వాత ఆ ఫ్లెక్సీలు ఎక్కడికి పోతాయో నీకు చెప్పక్కర్లేదు.

నాకేం బెంగ లేదు. నువ్వు వస్తావు, అరగంటలో వాళ్ల నోళ్లు మూతపడతాయి. రైలు దిగే వేళ రాయి, నేనే వస్తాను.

చెల్లి


వర్క్‌షాపు

టేపుకి,

ఆ మంగళవారం కుదరదు. హాస్టలు వాళ్ల బీరువాలు అదే వారం ఇవ్వాలి. వాలు కొలతలు ప్రతి రెండు అడుగులకీ తీసి పంపు. కాళ్లు ఇక్కడే సరిచేసి పంపిస్తాం. చట్రం ఎలా నిలబెట్టాలో కాగితం మీద రాసి ఇస్తాను, చదివి నువ్వే చూపించు. నీకు చేతకానిదేం కాదు.

చేసినవాడు వచ్చి నిలబడితే చెక్కకి బలం పెరుగుతుందా? ఆ కమిటీకి చెప్పు.

అన్నయ్య


పాత తంతి భవనం, మెట్ల మీద
చట్రం చూపించే మంగళవారానికి పదహారు రోజుల ముందు

అన్నయ్యకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క బ్రాకెట్టు కూడా లేదు. వదిన నీ పక్కన కూర్చుని ఒక పేజీ రాసి, ఒక్క పుల్లవిరుపు మాట కూడా వేయకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

కోపం వచ్చింది, దాచుకోను. ఇది నాకు వచ్చిన మొదటి పెద్ద పని. మేకుల్లేకుండా కడతానని నలుగురిలో చెప్పింది నీ చేతుల్ని నమ్ముకునే. బీరువాలు అంటావా? బీరువా ఒక వారం ఆలస్యమైతే హాస్టలు పిల్లలు బట్టలు పెట్టెల్లో పెట్టుకుంటారు. నువ్వు నీళ్లు నములుతున్నావు. ఎందుకో తెలియక నాలుగు రోజులు నిన్ను తిట్టుకున్నాను.

నిన్న తెలిసింది. భూతద్దం మేడం ఎందుకో మళ్లీ వచ్చి చట్రం విప్పించింది. అతుకు లోపలి భాగాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత నాతో అంది:

"దీన్ని చేసినవాళ్లది ఎడమచేతి వాటం. ఉలి దెబ్బలన్నీ ఎడమ పక్క నుంచి పడ్డాయి, పెన్సిలు గీతలు అటే వాలాయి. పాతికేళ్లుగా పాత భవనాల్లో అతుకులు చూస్తున్నాను, ఇంత శుభ్రమైనది నాలుగైదుసార్లు చూసి ఉంటాను. ఆ మనిషిని ఎలాగైనా రప్పించు."

ఆవిడ వెళ్లిపోయాక నీ ఉత్తరాలు తీసి ఆ పెన్సిలు గీతల పక్కన పెట్టాను. ఉత్తరంలో అక్షరాలు కూడా అటే వాలి ఉన్నాయి.

మన ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరిదే.

కాబట్టి ఇక్కడి నుంచి ఈ ఉత్తరం వదినకి. వదినా, అన్నయ్య చేతికి ఏమైంది? నేను కిందటేడు వచ్చినప్పుడు రెండు రోజులూ తను కుడి చెయ్యి జేబులోంచి తీయలేదు. స్టైలు కొడుతున్నాడని వెక్కిరించాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నాకు మంగళవారం కావాలి. కానీ అంతకంటే ముందు నిజం కావాలి.

నీ ఆడపడుచు


వర్క్‌షాపు, దీపాలు పెట్టే వేళ

అమ్మాయ్,

బ్రాకెట్లు లేకుండా నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కాస్త అలవాటు తప్పినట్టుంది.

రెండేళ్ల కిందట గుమ్మం చట్రం ఒకటి జారి మీ అన్నయ్య మోచేతి మీద పడింది. ఎముక అతికింది, నరం అతకలేదు. కుడి చేతి మూడు వేళ్లకి పట్టు లేదు. గ్లాసు పట్టుకుంటాడు, ఉలి పట్టుకోలేడు. ఇంకో ఏడాదికి పట్టు వస్తుందేమోనని డాక్టరు అన్నారు. ఆ ఏడాదీ దాటిపోయింది.

అప్పుడు చేతిలో ఆరు తలుపుల పని ఉంది. నేను చేస్తానన్నాను. పెళ్లయిన కొత్తలో సరదాకి చిత్రిక పట్టడం నేర్పాడు. ఆ తర్వాత సరదా పోయి అలవాటైంది, పదకొండేళ్లుగా అతుకుల్లో సగం నేనే కోస్తున్నాను. చేయి పడిపోయాక మొత్తం నాదైంది. ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను. ఎవరైనా వస్తే నేను ఉలి కింద పెట్టి పొట్టు ఊడుస్తాను. ఇది మా ఇద్దరి ఒప్పందం.

ఆయన్ని ఒక్కణ్ణే తప్పు పట్టకు. ఆయనకి పరువు. నాకు వేరే భయం. ఆడమనిషి చేసిందంటే ముందు వింతగా చూస్తారు, తర్వాత అతుకు లాగి చూస్తారు, ఆ తర్వాత పని ఇంకొకరికి ఇస్తారు. నాకు ఈ పనంటే ప్రాణం అమ్మాయ్. పేరు లేకపోయినా ఫరవాలేదు, పని పోకూడదనుకున్నాను. చిన్నప్పుడు ఎడమ చేత్తో రాసినందుకు బడిలో వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. మీ అన్నయ్య నా చేతికి ఉలి ఇచ్చిన రోజు, ఏ చేత్తో పట్టుకున్నావని అడగలేదు. గీత మీదే పడిందా అని అడిగాడు. దాన్ని మరిచిపోయి ఆయన్ని నలుగురి ముందు చిన్నబుచ్చలేను.

అయితే నీ మేడం మాట చదివాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. నా అతుకుని అంత పట్టిపట్టి చూసి, బాగుందని చెప్పిన మొదటి పరాయి మనిషి ఆవిడే. మొహం కూడా చూడకుండా చెప్పింది.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి ఆయనకి చదివి వినిపించాను. మంగళవారం నేను వెళతానని కూడా చెప్పాను. లేచి లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులు వర్క్‌షాపులోకి అడుగు పెట్టలేదు. ఇవాళ పొద్దున్న బల్ల మీద నా ఉలులు ఏడూ సాన పట్టి, గుడ్డలో చుట్టి కట్టి ఉన్నాయి. ముడి వంకరగా ఉంది. ఒంటి చేత్తో వేసిన ముడి.

సోమవారం సాయంత్రం బండికి వస్తున్నాను. వాలు సంగతి నాకు వదిలెయ్. కాళ్లు కోయక్కర్లేదు.

వదిన


పాత తంతి భవనం, పై హాలు
ప్రారంభం అయిన మర్నాడు

అన్నయ్యకి,

ఇన్నాళ్లూ రాయనందుకు తిట్టుకో. కాళ్లకి చక్రాలు కట్టుకుని తిరిగాను. మంగళవారం సంగతి వదిన నీకు చెప్పే ఉంటుంది, కానీ తన గురించి తాను సగమే చెబుతుంది. మిగతా సగం నా దగ్గర తీసుకో.

ఏడుగురు కమిటీ సభ్యులు కుర్చీల్లో. మధ్యలో విడదీసిన చట్రం. వదిన చెప్పులు బయట విడిచి, కొంగు దోపుకుని లోపలికి వచ్చింది. అధ్యక్షుడు తలుపు వైపు చూస్తూ, వడ్రంగి గారు వచ్చాక మొదలెడదామన్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పింది.

"వచ్చానండి. నేర్పింది మా ఆయన. రెండేళ్ల నుంచి ఆయన చెయ్యి బాగోలేదు. చేసేది నేను."

వెంటనే పనిలోకి దిగింది. ఎడమ చేత్తో సుత్తి, తొమ్మిది నిమిషాల్లో చట్రం నిలబడింది. ఊపితే ఊగింది, అప్పటిలాగే. అందరూ నా మొహం చూశారు. అప్పుడు వదిన సంచిలోంచి అరచేతంత చెక్క చీలలు తీసింది, ఒక కొస మందం, ఒక కొస పల్చన. ఒకదాని మీద ఒకటి జారే జంటలు. వాలు దిగువనున్న కాళ్ల కింద ఒక్కో జంట పెట్టి, రెండు వైపుల నుంచీ వేలితో నొక్కుతూ పోయింది. చట్రం వెంట్రుక వెంట్రుకగా లేచింది. పై అర మీద నీళ్ల గ్లాసు పెట్టి, నీళ్లు అంచుకి సమంగా వచ్చే దాకా నొక్కి ఆపింది. నేల మీద రవ్వంత పొట్టు కూడా రాలలేదు. గోడ అడుగు దూరంలో ఉంది.

ఒకాయనకి ఇంకా అనుమానం. పిల్లలు ఎక్కితేనో అన్నాడు. వదిన చట్రం ఎక్కి పైన కూర్చుంది. కాళ్లు ఊపుకుంటూ, ఇంకెవరైనా వస్తారా అని అడిగింది. భూతద్దం మేడం భూతద్దం తీసి బల్ల మీద పెట్టి వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ అక్కడి నుంచే కమిటీతో మాట్లాడారు. సంతకాలు పావుగంటలో అయిపోయాయి.

నిన్న తెరిచాం. మొదటి రోజే నాలుగు బడులు వచ్చాయి. రబ్బరు చేతికి నాడి దొరకలేదని ఒకమ్మాయి ఏడ్చినంత పని చేసి, దొరికాక పక్కకి కదలలేదు. మధ్యాహ్నానికల్లా స్టూలు ముప్ఫై ఏడుసార్లు కూలింది.

వడ్రంగి డబ్బాలో వదిన గొంతు పెట్టాను. మీ వర్క్‌షాపుకి మనిషిని పంపి రికార్డు చేయించింది అదే. నువ్వు ఆ పూట అలిగి వెనక గదిలో కూర్చున్నావని విన్నాను.

ఒక్కటే మిగిలింది. ఇరవై నాలుగు చట్రాలకీ చేసినవాళ్ల పేరు రేకు ఖాళీగా ఉంది. ఏం రాయమంటావని వదినని అడిగితే, మీ అన్నయ్యని అడుగు, ఆయన చెప్పిందే రాయి అంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. నువ్వు చెప్పేదాకా ఖాళీగానే ఉంచుతాను.

చెల్లి


వర్క్‌షాపు

టేపుకి,

ఈ వంకర అక్షరాలు నావే. ఎడమ చేత్తో రాస్తున్నాను. మీ వదిన నేర్పుతోంది. నాకంటే కఠినమైన మాస్టారు.

నీకు చెప్పకుండా కిందటి గురువారం వచ్చాను. బడి పిల్లల వరసలో నిలబడి లోపలికి వెళ్లాను. అన్ని చట్రాలూ తట్టి చూశాను. పదిహేడోది కొంచెం బిగించాలి.

తర్వాత ఆ డబ్బా పిడి తిప్పాను. మీ వదిన మాట్లాడుతోంది. వెనక చిత్రిక చప్పుడు. మధ్యలో ఎవడో అరుస్తున్నాడు, "చాలు, చాలు, ఇంక ఒత్తకు, గీత దాటుతోంది" అని. అది నేను. వెనక గదిలో కూర్చుని కూడా ఊరుకోలేకపోయాను. దాన్ని నువ్వు కత్తిరించకుండా ఉంచావు.

నాలుగుసార్లు తిప్పాను. వెనక పిల్లలు, మా వంతు అంకుల్ అని గోల పెట్టారు. కళ్లు తుడుచుకుని జరిగాను. రెండేళ్ల నుంచి కుడి చేత్తో పాటు పనీ పోయిందనుకున్నాను కానీ పని పోలేదు, నా పక్కనే ఉంది. దాన్ని దాచిపెట్టినందుకు మీ వదినకి క్షమాపణ చెప్పాను. నీకూ చెబుతున్నాను.

రేకు మీద మీ వదిన పేరు రాయి. కింద చిన్న అక్షరాల్లో నేర్పినవాడు అని నా పేరు రాయి. మరీ చిన్నగా వద్దు.

ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టింది. బ్రాకెట్లలో ఏమీ లేదని కంగారు పడకు. మీ మేడం పంపిన పాత కోర్టు తలుపులు నిన్ననే దిగాయి. మీ వదిన పనిలో ఉంది.

అన్నయ్య